సూరిబాబు గారి పెరుగు

చూపుడువేలి మీద కత్తిపీట గాటు పదకొండు రోజులైనా మూతబడలేదన్న సంగతి ఆదివారం ఉదయం స్నానం చేస్తుండగా భవానికి తట్టింది. అంతవరకూ దాన్ని పట్టించుకున్న పాపాన పోలేదు. ఆనపకాయ తరుగుతుంటే తెగిన చిన్న గాటు. ప్లాస్టరు వేసుకుంది, తడిసినప్పుడల్లా మార్చుకుంది, తన పనిలో తాను పడిపోయింది. ఇవాళ ప్లాస్టరు ఊడదీసి చూస్తే గాటు ఇప్పుడే తెగినట్టుంది. చీము లేదు, వాపు లేదు, పెద్ద నొప్పి కూడా లేదు. అంచులు మాత్రం ఎర్రగా, శుభ్రంగా, విడివిడిగా ఉన్నాయి.

ఇంకొకరైతే షుగరు పరీక్ష చేయించుకుని ఊరుకునేవారు. భవానికి ఆ అదృష్టం లేదు. గాయాలను అతికే పీచును కరిగించే ఎంజైమును తయారుచేసిన నలుగురిలో ఆమె ఒకతె. ఆ ఎంజైము తన ఒంట్లో ఉండడానికి వీల్లేదు. అది ఉండాల్సింది ఈ భూమ్మీద తొమ్మిది మంది ఒంట్లోనే. ఆ తొమ్మిదో మనిషి పక్కగదిలో రేడియో పెట్టుకుని గెడ్డం గీసుకుంటున్నాడు.

ఆమెకు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. కింది వాటా లెక్కల మాస్టారు పన్ను పీకించుకుని రెండు వారాలైంది, ఇంకా రక్తం ఉమ్ముతున్నారు. వాచ్‌మన్ కాలికి మేకు దిగి నెల దాటింది, కట్టు మీద కట్టు కడుతున్నాడు. మొన్న మెట్ల మీద ఇద్దరూ ఎదురుపడితే అయ్యో పాపం అనుకుని దాటిపోయింది. భవాని గోడ పట్టుకుని నిలబడిపోయింది.

భవాని తండ్రి సూరిబాబు కాకినాడ పోర్టులో టగ్గు బోటు నడిపే సారంగుగా ముప్పై రెండేళ్ళు చేశాడు. పెద్ద పెద్ద ఓడలను తాడు కట్టి లాక్కొచ్చిన మనిషి. రెండేళ్ళ కిందట అన్నం తింటే అరగడం మానేసింది, ఒళ్ళు తగ్గిపోయింది. పరీక్షలు చేయిస్తే క్లోమంలో గడ్డ అన్నారు. క్లోమం అంటే కడుపు వెనకాల దాక్కుని, తిన్నది అరగడానికి రసాలు వదిలే గ్రంథి. అక్కడ పుట్టిన కాన్సరుకు లొంగే గుణం తక్కువ.

డాక్టర్లు ముందుగా ఇచ్చినవి జీర్ణానికి పనికొచ్చే ఎంజైము పొడి నింపిన గొట్టం మాత్రలు. క్లోమం చెయ్యలేని పని అవి చేసిపెడతాయి. వాటితో పెద్దాయనకు అన్నం ఒంటబట్టింది, ముఖంలో కాస్త కళ వచ్చింది. దాంతో వాట్సాపులో వైద్యులు తయారయ్యారు. ఎంజైములు అన్నాన్నే కాదు, కాన్సరు గడ్డనూ అరిగించేస్తాయట, ఎవరికో తగ్గిపోయిందట!

"అవి అన్నాన్ని అరిగిస్తాయి నాన్నా. పేగు దాటి అవతలికి పోవు. గడ్డ జోలికి అసలు వెళ్ళవు," అని భవాని ఎన్నిసార్లు చెప్పిందో.

"మరి గెడ్డ దాకా ఎల్లేది తయారు చెయ్యండే! అంతంత సదువులు సదివేరు కదా, ఏం చేత్తున్నారు ఆ లాబులో కూకుని?" అన్నాడు ఒకరోజు సూరిబాబు, వేళాకోళానికే.

ఆ వేళాకోళం భవాని బుర్రలో దిగబడిపోయింది. ఆమె పనిచేసే పరిశోధనాలయం సముద్రం ఒడ్డునే ఉంది. ఈ గడ్డ చుట్టూ గట్టి పీచుగోడ ఉంటుందనీ, మందు ఎంత ఎక్కించినా ఆ గోడ దగ్గరే ఆగిపోతుందనీ అక్కడ అందరికీ తెలుసు. గోడను కరిగించే ఎంజైము కావాలి. అది మాత్రగా మింగితే కడుపులోనే నాశనమైపోతుంది. అందుకని పెరుగులో ఉండే సూక్ష్మజీవి ఒకదాన్ని తీసుకుని, పేగు గోడను పట్టుకుని ఉండిపోయి రోజంతా ఆ ఎంజైమును రక్తంలోకి వదిలేలా మలిచారు. మొదటి పది రోజులు ఆ జీవి పొడి నింపిన గొట్టం రోజుకొకటి మింగితే అది పేగులో కాపురం పెట్టేస్తుంది. ఆ తరవాత గోడ కరగడం, మందు లోపలికి దిగడం, గడ్డ చిక్కడం. ప్రయోగానికి ఎంచిన తొమ్మిది మంది రోగుల జాబితాలో చివరి పేరు సూరిబాబుది. ఆయన గడ్డ మూడు నెలల్లో నాలుగు సెంటీమీటర్ల నుంచి రెండున్నరకు వచ్చింది. ఇంకో ఆరు వారాలు ఇలాగే సాగితే కోసి తీసెయ్యొచ్చన్నారు.

ఆ జీవికి తాళం కూడా వేశారు. వారానికి రెండుసార్లు ఒక చేదు మాత్ర వేసుకోవాలి. అందులో ఉన్న పోషకం అందకపోతే అది చచ్చిపోతుంది. కాబట్టి మాత్ర వేసుకోని మనిషి ఒంట్లో బతకదు. భద్రత మీద రెండు వందల పేజీల దస్త్రం ఉంది, సగం భవానే రాసింది. మురుగునీళ్ళ గురించి, చేతులు కడుక్కోవడం గురించి, ఆస్పత్రి దుప్పట్ల గురించి అన్నీ ఉన్నాయందులో. పెరుగు తోడుపెట్టడం గురించి ఒక్క ముక్క లేదు.

ఆదివారం పూట లాబులో ఎవరూ ఉండరు. భవాని టిఫిను డబ్బా అడుగున ఒక చెంచాడు ఇంటి పెరుగు పట్టుకెళ్ళింది. జెలటిన్ పోసి గట్టిపరిచిన గాజు పలక తీసి, ఒక మూల బజారు పెరుగు, ఒక మూల ఇంటి పెరుగు, మధ్యలో తన వేలి నుంచి పిండిన రక్తపు చుక్క పెట్టింది. గాయాన్ని అతికే పీచూ జెలటినూ ఒకటే జాతి. ఒకటి కరిగితే రెండోదీ కరిగినట్టే. పలకను వెచ్చటి పెట్టెలో పెట్టి స్టూలు మీద కూర్చుంది.

రెండు గంటలు గడిచాయి. కాఫీ కలుపుకుంది గాని తాగలేదు. పిచ్చిదానా, నీకు షుగరే వచ్చి ఉంటుందిలే అని తనకు తాను చెప్పుకుంది. షుగరు వస్తే బాగుండునని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకుంది.

పెట్టె తలుపు తీస్తే బజారు పెరుగు చుక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇంటి పెరుగు ఉన్నచోట పలకకు రూపాయి బిళ్ళంత బెజ్జం పడి, అడుగు గాజు కనబడుతోంది. రక్తపు చుక్క కింద కూడా గుంట పడింది. అది చిన్నదే, కానీ గుంటే. భవాని పలకను వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఆ బెజ్జంలోంచి కిటికీని, కిటికీ అవతల సముద్రాన్ని చూస్తూ ఉండిపోయింది.

ఇలాంటి రోజు వస్తే ఏంచెయ్యాలో ఆ భద్రత దస్త్రం నలభై ఒకటో పేజీలో ఉంది. బయటి మనిషి ఒక్కరిలో కనబడినా వెంటనే పైవాళ్ళకు చెప్పాలి. తొమ్మిది మందికీ అదే రోజు యాంటీబయాటిక్ ఇచ్చి ఆ జీవిని చంపెయ్యాలి. ఒకసారి అలా చచ్చిందంటే ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, మళ్ళీ నాటినా నిలవనివ్వదు. ఎలుకల్లో ఎన్నిసార్లు చూసినా అంతే. నాటడానికి మనిషికి ఒక్కటే అవకాశం. ఆ పేజీ రాసింది భవానే, అప్పటికి ఆమె తండ్రి పేరు జాబితాలో లేదు.

ఆమె మందుల బీరువా తాళం తీసి యాంటీబయాటిక్ రేకులు రెండు సంచిలో వేసుకుంది. ఒక మాత్ర అక్కడికక్కడే, చల్లారిన కాఫీతో మింగేసింది. మింగాక గాని ఏంచేసిందో ఆమెకు తెలియలేదు. ఆ మాత్ర పని పూర్తికావడానికి మూడు రోజులు పడుతుంది. గడియారం చూస్తే మధ్యాహ్నం ఒకటిన్నర.

ఇంటికి వచ్చేసరికి సూరిబాబు వంటింట్లో పాలు కాచి, గిన్నె అంచుకు వేలు ఆనించి వేడి చూసుకుంటున్నాడు. పెరుగు తోడుపెట్టడం ఆ ఇంట్లో ఆయన పని. పెళ్ళాం పోయినప్పటి నుంచి ఆయనే చేస్తున్నాడు. ఇంకెవరు పెట్టినా నీళ్ళు విరుగుతుందని ఆయన నమ్మకం. భవాని పెళ్ళి చేసుకోలేదు. ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే.

"నాన్నా, ఆ గొట్టాలు ఎలా మింగావు?"

"ఏ గొట్టాలే?"

"పది రోజులు మింగమని ఇచ్చినవి. నిజం చెప్పు."

సూరిబాబు గిన్నె కింద పెట్టి, భుజం మీది తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ కూతురి ముఖం చూశాడు. ఆ ముఖం చూసి ఆయనకే భయమేసింది.

"మింగుడు పడలేదమ్మా. గొంతుకలో అడ్డం తిరిగిపోయేది. ఇప్పి, పొడి పెరుగులో కలుపుకుని తినీసేవోణ్ణి. నీకు చెప్తే కేకలేత్తావని చెప్పలేదు. లోపలికెల్తే సాలు కదా, ఎలా ఎల్తే ఏంటి?"

"విడిగా కప్పులో కలిపావా, గిన్నెలోనే కలిపావా?"

"గిన్నెలోనే. ఏం?"

భవాని లెక్క కట్టుకుంది. కలిపిన గిన్నెలోంచి మర్నాటికి తోడు తీశాడు. ఆ మర్నాటికి అందులోంచి. మూడు నెలలుగా రోజూ. తాళం వేసిన జీవికి కావలసిన చేదు పోషకాన్ని ఇంటిపెరుగులో తరతరాలుగా ఉంటున్న మిగతా జీవులు వండి పెట్టేశాయి. లాబులో పరీక్షించింది శుభ్రమైన పాలల్లో, ఒంటరిగా. ఇక్కడ దానికి ఊరంత బలగం దొరికింది.

"ఎవరికైనా తోడు ఇచ్చావా?"

అప్పుడు సూరిబాబు ముఖం వెలిగింది. పాపం ఆయనకింకా తెలియదు. "ఇవ్వకేం! మన మేడంతా మన తోడే కదే. కమ్మగా, గెడ్డలాగ, రెండ్రోజులైనా పులవట్లేదని అందరూ గిన్నెలట్టుకుని వచ్చేత్తన్నారు. కేన్సరని తెలిసినప్పుడు మన గుమ్మం తొక్కేరా ఎవరైనా? కాఫీ ఇత్తే అంటుకుంటదేమోనని తాగకుండా ఎల్లిపోయేవోరు. ఇప్పుడు చూడు. పై వాటా రత్నమైతే రోజూ వత్తది. ఈ పెరుగు తప్ప మా హిమజ నోటికి ఇంకేదీ ఎక్కట్లేదు బాబాయిగారూ అంటది."

హిమజ రత్నం కూతురు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చింది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని డాక్టరమ్మ ఆపరేషను చెయ్యాలంది. రత్నం పంతులుగారి చేత ముహూర్తం పెట్టించింది. గురువారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు.

భవాని తండ్రికి అంతా చెప్పింది. తెగిన చర్మం ఎలా అతుక్కోవడం లేదో వేలు చూపించింది. గురువారం హిమజ కడుపు కోస్తే, పైన వేసిన కుట్ల సంగతి సరే, లోపల గర్భసంచికి వేసిన కుట్లు నిలవవని చెప్పింది. ఇప్పుడే మాత్రలు మొదలుపెడితే గురువారానికి సరిగ్గా సరిపోతుందనీ, కానీ చెప్పిన మరుక్షణం ఆయన ఒంట్లోని జీవిని చంపేస్తారనీ చెప్పింది. ఆ తరవాత ఏమవుతుందో చెప్పలేదు. సూరిబాబుకు అర్థమైంది.

ఆయన తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

"ఎవరికీ చెప్పకే," అన్నాడు చివరికి. "ఆరు వారాలే కదమ్మా. నాకు భయంగా ఉందే. తుపాన్లో టగ్గు తిరగబడినప్పుడు కూడా ఇంత భయపళ్ళేదు. అప్పుడు పోతే పోయేవోణ్ణి. ఇప్పుడు బతుకుతానని చెప్పి, ఆశ పెట్టి, మళ్ళీ లాక్కుంటే నేను తట్టుకోలేనే."

తండ్రి అలా బతిమాలడం భవాని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"హిమజ సంగతేంటి నాన్నా?"

"ఆ పిల్లకి నువ్వే ఇచ్చెయ్యరాదా మాత్రలు? బలానికని చెప్పు. నువ్వు చెప్తే రత్నం కాదనదు. ఎవరికీ తెలీకుండా అయిపోద్ది."

అది పాడు ఆలోచనని భవానికి తెలుసు. అయినా అది తన నోట రాకుండా తండ్రి నోట వచ్చినందుకు ఆమెకు లోలోపల ఊరట కలిగింది. మనిషి మనసు అంత నీచంగానూ ఉండగలదు. ఆ పూట ఉన్న పెరుగంతా సింకులో పారబోసి, గిన్నెను మరిగే నీళ్ళలో వేసింది. పైకి మాత్రం వెళ్ళలేదు.

సోమవారం సెలవు పెట్టింది. పది గంటలకు పైవాటా తలుపు తట్టింది. గుప్పెట్లో ఆరు మాత్రలు, రేకులోంచి తీసేసి, పేరు కనబడకుండా.

"రా రా భవానీ! బాబాయిగారి పెరుగు ఈ రోజు లేదంట కదా, ఏమైందంట?" అంది రత్నం. యాభై ఏళ్ళ మనిషి, నవ్వితే ముఖమంతా నవ్వుతుంది. "మా దగ్గరుందిలే, కావాలంటే మీకే తోడిస్తాను."

"అది పాడైందక్కా. మీది కూడా పారబొయ్యండి. నాన్నకు కడుపులో తేడా చేసింది."

"అదేం మాట! అమృతంలా ఉంటే. పొద్దున్నే హిమజ రెండు గరిటెలు తింది."

హిమజ దివాను మీద కాళ్ళు చాపుకుని, బిడ్డకు కుట్టిన చిన్న చిన్న గుడ్డలు మడతపెడుతోంది. భవానిని చూసి లేవబోతే వద్దని వారించింది.

"ఇవి... నీకే తెచ్చాను," అంది భవాని, గుప్పెడ విప్పి.

"బలానికా పిన్నీ?" అంటూ హిమజ వెంటనే చెయ్యి చాపింది. ఏ మందని అడగలేదు, ఎన్ని వేసుకోవాలని మాత్రం అడిగింది. నీళ్ళగ్లాసు కోసం అటు తిరిగింది కూడా.

భవాని చెయ్యి దానంతటదే ముడుచుకుపోయింది. నిండు చూలాలికి ఈ మందు పడుతుందో లేదో ఆమెకు తెలియదు. ఎంత ఇవ్వాలో తెలియదు. కడుపులో ఉన్నది ఇంకో ప్రాణం. కూరలో ఉప్పేసినట్టు ఆ పిల్ల నోట్లో ఏదో వేసేసి కిందికి దిగిపోదామని వచ్చింది.

"వేరే రేకు తెచ్చానమ్మా... ఇవి నాన్నవి. పొరపాటున," అని గొణిగి మెట్లు దిగిపోయింది. వెనక నుంచి రత్నం, "కాఫీ తాగి వెళ్ళవే!" అని కేకేసింది.

చెప్పాలి, ఇప్పుడే వెళ్ళి చెప్పాలి అని ఆమె ఆ రోజంతా అనుకుంటూనే ఉంది. మధ్యాహ్నం చెబుదామనుకుంది. నాన్న అన్నం తిన్నాక చెబుదామనుకుంది. ఆయన అరటికాయ వేపుడు మారు అడిగి పెట్టించుకుని తిన్నాడు. ఆ తినడం చూసి చెప్పలేకపోయింది. గురువారం కదా, రేపు చెప్పినా డాక్టర్లు ఆపరేషనును వాయిదా వేస్తారు, ముహూర్తం ఇంకోటి పెట్టించుకుంటారు అని లెక్కవేసుకుంది. తన మాత్ర తాను మాత్రం వేళకు వేసుకుంది.

ముహూర్తాలు బిడ్డలకేం తెలుస్తాయి? మంగళవారం ఉదయం పాలవాడు వచ్చే వేళకు హిమజకు ఉమ్మనీరు పోయింది.

మెట్ల మీద అలికిడి విని భవాని తలుపు తీసింది. రత్నం కూతుర్ని రెండు చేతులా పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దింపుతోంది. హిమజ ముఖం పాలిపోయింది. వాచ్‌మన్ కుంటుకుంటూ ఆటోను గేటు లోపలికి పిలుస్తున్నాడు.

"భవానీ, వెళ్ళొస్తామే. డాక్టరమ్మ వెంటనే తెచ్చెయ్యమంది. ఇప్పుడే కోసేస్తారంట. ముహూర్తం లేదు ఏం లేదు, తల్లీ పిల్లా బయటపడితే చాలు."

భవాని వెనక్కి చూసింది. గుమ్మంలో సూరిబాబు నిలబడి ఉన్నాడు. తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. కళ్ళు మాత్రం చెప్పొద్దనే అంటున్నాయి.

ఆమె పరుగెత్తుకెళ్ళి ఆటో కమ్మీ పట్టుకుంది.

"అక్కా, ఆగండి. మా పెరుగులో... నాన్న మందు కలిసింది. హిమజ ఒంట్లోకి వెళ్ళింది. కుట్లు వేస్తే అతకవు. డాక్టరుకి ముందే చెప్పాలి."

"పెరుగేంటే? కుట్లేంటి? పక్కకి తప్పుకో, పిల్ల నొప్పులు పడతంటే!"

"నేనూ వస్తాను," అని భవాని ఆటో ఎక్కేసింది. చెప్పులు కూడా వేసుకోలేదు. దారి పొడుగునా చెబుతూనే ఉంది. రత్నం సగం విన్నది, సగం వినలేదు. హిమజ మాత్రం అంతా విన్నది. రెండు చేతులూ పొట్టమీద వేసుకుని, పెద్ద పెద్ద కళ్ళతో భవానిని చూస్తూ, "బేబీకేం కాదు కదా పిన్నీ? బేబీకేం కాదు కదా?" అని అదే మాట పది సార్లు అడిగింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గ్లౌజులు తొడుక్కుంటూ మూడు నిమిషాల్లో విషయం గ్రహించింది. లాబుకు ఫోను చేసి రూఢి చేసుకుంది. వేచి చూడడానికి లేదు, బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. కరిగే దారం మానేసి నైలాను దారంతో రెండు వరసలు కుట్లు వేస్తానంది, యాంటీబయాటిక్ నరానికి ఎక్కించమంది.

"రెండు రోజుల ముందు తెలిసుంటే ఇంత భయం ఉండేది కాదు," అంది లోపలికి వెళ్తూ. రత్నం అప్పుడు కాగితాల మీద సంతకాలు పెడుతోంది. ఆ మాట భవాని ఒక్కతే విన్నది.

ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఏడు వందలు. గట్టిగా ఏడ్చింది.

అదే రోజు మధ్యాహ్నం పరిశోధనాలయం వాళ్ళు నాలుగు కార్లలో వచ్చి మేడ గేటు మూశారు. తొమ్మిది వాటాల వాళ్ళకూ మాత్రలు పంచారు. తోడు ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో రాసుకుంటూ పోతే కాలువ అవతలి జగన్నాయకపురం దాకా తేలింది. ముప్పై ఒక్క ఇళ్ళు. ఒకావిడ సామర్లకోటలో ఉన్న వియ్యపురాలికి స్టీలు డబ్బాలో పంపిందట. కాగితం మీద గీతలు పెరుగుతూ పోయాయి. ఇది ఇక్కడితో ఆగిందని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేకపోయాడు. మిగతా ఎనిమిది మంది రోగులకు కూడా ఆ సాయంత్రానికే ఫోన్లు వెళ్ళాయి. వాళ్ళ ఇళ్ళలో ఏం జరిగిందో ఊహించుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

సూరిబాబు ముందు మాత్ర పెట్టినప్పుడు ఆయన దాన్ని చేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. "బయమేత్తందే," అన్నాడు. తరవాత నోట్లో వేసుకున్నాడు. భవాని ఆ చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆరో రోజున హిమజకు లోపలి కుట్లు వదిలేశాయి. నైలాను దారం తెగలేదు, దారం పట్టుకున్న కండే మెత్తబడి జారిపోయింది. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు. ఎక్కించిన రక్తం ఎక్కించినట్టే పోయింది. గర్భసంచి తీసేస్తే గాని ఆగలేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మూడు వారాలు ఆస్పత్రిలో ఉండి, కర్రలా ఎండిపోయి ఇంటికి వచ్చింది. కానీ వచ్చింది.

అప్పటికి సూరిబాబు గడ్డ చుట్టూ గోడ మళ్ళీ కట్టుకుంటోందని స్కానింగులో కనిపించింది. మేడలో వాళ్ళు మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పుకుని పోతున్నారు. భవాని వేలి గాటు మాత్రం ఎప్పుడో పూడిపోయింది. చిన్న గీత మిగిలింది.

అలాంటి ఒక రోజు ఉదయం రత్నం వచ్చింది. చంకలో మనవరాలు. తిట్టడానికే వచ్చిందనుకుని భవాని గోడకు ఆనుకుని నిలబడిపోయింది. రత్నం తిన్నగా వచ్చి సూరిబాబు మంచం మీద బిడ్డను పడుకోబెట్టింది.

"చూడండి బాబాయిగారూ, మీ మనవరాలు. మీరు మీ ప్రాణం పణంగా పెట్టి మా పిల్లని బతికించారంట. లాబువాళ్ళు చెప్పారు. ఆ మందు చంపేస్తే మీకు మళ్ళీ దారి లేదంట కదా!" అని కళ్ళొత్తుకుంది. భవాని వైపు తిరిగి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నేను ఆ రోజు నీమీద కేకలేశాను. మనసులో పెట్టుకోకే తల్లీ. నువ్వు ఆటోకి అడ్డం పడి చెప్పబట్టే డాక్టరమ్మ రక్తం సిద్ధం చేసుకుని కూర్చుందంట. లేకపోతే ఆరో రోజున నా కూతురు పోయేది. సంచి పోతే పోయింది, మనిషి మిగిలింది. నువ్వు మాకు దేవతవి."

సూరిబాబు బిడ్డ పిడికిట్లో వేలు పెట్టి ఉన్నాడు. ఆ ఇంటికి ఇంకా వచ్చే మనిషి ఈ ఒక్కతే. ఆయన కూతురి వైపు చూసి, ఎవరికీ కనబడనంత చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

దేవతవి అన్న మాట భవాని భరించలేకపోయింది. ఇంకొక్క నిమిషం ఆ చేతులు తన చేతుల మీద ఉంటే, జీవితాంతం ఆ మాట మోయాలని ఆమెకు తెలుసు. అంతకన్నా ఈ భయమే నయం.

"మంగళవారం కాదక్కా," అంది. "ఆదివారమే తెలుసు నాకు. ఆ రోజే చెప్పుంటే హిమజకి ఇంత అయ్యేది కాదు. నాన్న కోసం దాచాను."

రత్నానికి వెంటనే అర్థం కాలేదు. పెదవులు కదిలిస్తూ ఆది, సోమ, మంగళ అనుకుంది. సోమవారం ఉదయం గుప్పెట్లో మాత్రలతో తన ఇంటికి వచ్చిన భవాని ఆమె కళ్ళముందు మెదిలినట్టుంది. మెల్లిగా చేతులు వదిలేసింది. మంచం దగ్గరికి వెళ్ళి, సూరిబాబు వేలిని బిడ్డ పిడికిట్లోంచి విడదీసి, మనవరాల్ని భుజాన వేసుకుంది. సూరిబాబు కళ్ళు మూసుకున్నాడు.

గుమ్మం దాకా వెళ్ళి రత్నం ఆగింది. కేకలు వెయ్యలేదు, ఏడవలేదు. ఒకే ఒక్క సంగతి తెలుసుకోవాలన్నట్టు, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అడిగింది.

"నువ్వు కూడా ఆ పెరుగే తిన్నావు కదా. మరి నీ మాత్ర నువ్వెప్పుడు వేసుకున్నావు?"

"ఆదివారం," అంది భవాని. "మధ్యాహ్నం ఒకటిన్నరకి."